మా ప్రదర్శనశాలలో గొంగళ్లకూ పాత కోటుకూ పురుగు పట్టింది: ఏం చేయాలి?

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలమూరు

అందరికీ నమస్కారం. మహబూబ్‌నగర్ జిల్లాలోని మా ఊళ్లో, పాత బడి భవనంలో మిగిలిన రెండు గదులను ఆరేళ్ల కిందట గ్రామస్థులమంతా కలిసి చిన్న ప్రదర్శనశాలగా మార్చుకున్నాం. నాగళ్లు, కుంచాలు, ఇత్తడి పాత్రలు ఒక గదిలో ఉంటే, రెండో గదిలో ఇంటింటి నుంచి అడిగి తెచ్చిన బట్టలున్నాయి. కురుమల ఇళ్ల నుంచి వచ్చిన 9 నల్ల గొంగళ్లు, 6 గద్వాల చీరలు, పటేలు కుటుంబం వాళ్లిచ్చిన ముదురు నీలిరంగు ఊలు కోటు, వీధినాటకం ఆడేవాళ్లు వాడిన జరీ కుట్టు మఖమలు అంగీలు, ఒక చేర్యాల పటం, నెమలి ఈకల విసనకర్ర వాటిలో ముఖ్యమైనవి. అద్దాల బీరువాలు మూడు, చెక్క పెట్టెలు రెండు. అంతకు మించి మాకు వసతి లేదు.

పోయిన నెల కోటును బయటికి తీసి మెడపట్టీని వెనక్కి తిప్పి చూస్తే గుండె జారిపోయింది. పట్టీ కింద సాలెగూడు లాంటి తెల్లని పలుచని పొర, అందులో అరంగుళం పొడవున్న సన్నని గొట్టాలు, వాటి చుట్టూ గసగసాల్లాంటి గింజలు కనిపించాయి. ఆశ్చర్యమేమిటంటే ఆ గింజలు కూడా కోటు రంగులోనే, నీలంగా ఉన్నాయి. చంకల దగ్గర పెసరగింజంత చిల్లులు నాలుగు పడ్డాయి. కంగారుగా గొంగళ్లు తీసి చూశాను. ఒక గొంగడి మడతలో ఒళ్లంతా నూగు ఉన్న గోధుమరంగు చారల తొడుగులు, బియ్యపు గింజ కంటే చిన్నవి, ఊదితే ఎగిరిపోయేంత తేలికైనవి, గుప్పెడు దొరికాయి. కిటికీ అరుగు మీద ఆవగింజకు కాస్త పెద్దవైన గుండ్రని మచ్చల పురుగులు చచ్చిపడి ఉన్నాయి. అవి చాలాకాలంగా అక్కడ కనబడుతున్నా తోటలోంచి వచ్చాయనుకుని ఊడ్చేస్తూ వచ్చాం.

మొదటి రోజు నుంచీ ప్రతి బీరువాలో కలరా ఉండలు వేస్తూనే ఉన్నాం. అయినా ఇలా ఎందుకు జరిగింది? పట్నం నుంచి వచ్చిన పురుగుమందు సంస్థవారు గదంతా, బట్టలతో సహా, మందు కొడతామంటున్నారు. రైసుమిల్లు నడిపే మిత్రుడొకరు ధాన్యం బస్తాల మధ్య పెట్టే మాత్రలు బీరువాలో పెడితే ఒక్క రాత్రిలో అన్నీ చస్తాయంటున్నాడు. ఇంట్లో వాళ్లు ఎండలో వేయమంటున్నారు. వీటిలో ఏది మంచిదో, ఏది బట్టకు చేటు చేస్తుందో తెలిసినవారు చెప్పగలరు. ఇచ్చినవాళ్లు మమ్మల్ని నమ్మి ఇచ్చిన వస్తువులివి. వాళ్లు వచ్చి చూసేలోగా ఏదో ఒకటి సరిగ్గా చేయాలని తాపత్రయం.

1వ జవాబు: మ్యూజియం సంరక్షణ విభాగంలో పనిచేసి విరమించినవారు, హైదరాబాద్

మాస్టారు గారికి నమస్కారం. మీరు ఆనవాళ్లను ఇంత వివరంగా రాశారు కాబట్టే ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. మీ గదిలో రెండు వేర్వేరు పురుగులున్నాయి, వాటి దారులు కూడా వేరు.

కోటులో ఉన్నది బట్టల చిమ్మట. పెద్ద చిమ్మట ఎండుగడ్డి రంగులో మెరుస్తూ, రెక్కలు ముడిస్తే 6 నుంచి 8 మిల్లీమీటర్ల పొడవుంటుంది. దానికి తినే నోరే లేదు. జత కట్టి, 40, 50 గుడ్లు ఊలు పోగుల మధ్య జారవిడిచి, కొద్ది రోజుల్లో చనిపోతుంది. బట్టను తినేదంతా గుడ్డులోంచి వచ్చే తెల్లని లార్వాయే. అది తిరుగాడే చోటల్లా పట్టుదారంలాంటిది వదులుతుంది, మీరు చూసిన పొర అదే. నీలి గింజలు దాని రెట్ట. ఊలు జీర్ణమైనా అందులోని అద్దకం జీర్ణం కాదు కాబట్టి, ఏ రంగు బట్ట తింటే రెట్ట ఆ రంగులోనే పడుతుంది. చిమ్మట వెలుతురంటే పారిపోతుంది. రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే చిమ్మటలను చూసి మన బట్టలకు ముప్పని అనుకోనక్కరలేదు. బీరువా తలుపు తీయగానే చీకటి మూలలోకి పాకిపోయే దానినే పట్టించుకోవాలి.

గొంగడిలో ఉన్నది తివాచీ పెంకుపురుగు. మీరు తొడుగులన్నవి దాని లార్వా విడిచిన కుబుసాలు. మన గొంగళిపురుగును వందోవంతుకు తగ్గిస్తే ఎలా ఉంటుందో ఆ లార్వా అలా ఉంటుంది. ఒక్క లార్వా పెరుగుతూ చాలాసార్లు కుబుసం విడుస్తుంది కాబట్టి గుప్పెడు కుబుసాలున్నంత మాత్రాన గుప్పెడు పురుగులున్నాయని భయపడవద్దు. పెరిగిన పెంకుపురుగుకు మాత్రం బట్టతో పని లేదు, పూల పుప్పొడి తింటుంది. అందుకోసం వెలుగు వైపు, అంటే కిటికీ వైపు వస్తుంది. మీ కిటికీ అరుగు మీద చచ్చిపడినవి తోటలోంచి లోపలికి వచ్చినవి కావు, లోపల పుట్టి బయటికి పోలేక అద్దం దగ్గర రాలినవి. ఆరేళ్లుగా కిటికీ మీకు సంగతి చెబుతూనే ఉంది. చాలా పెద్ద సంస్థల్లో కూడా ఈ ఒక్క గుర్తును ఊడ్చి పారేయడం వల్లే నష్టం జరిగిందని నా అనుభవం.

ఇక ఏవి ప్రమాదంలో ఉన్నాయో చూద్దాం. ఈ రెండింటికీ కావలసింది జంతువుల నుంచి వచ్చిన పోగు: ఊలు, వెంట్రుక, ఈక, తోలు, కొంతవరకు పట్టు. నూలును అవి అరిగించుకోలేవు. అందువల్ల గద్వాల చీరను చూసేటప్పుడు ఒళ్లంతా వెతకడం కన్నా, నూలు ఒంటికి పట్టు అంచూ కొంగూ కలిసే చోట వేలితో తడుముతూ చూడండి. నష్టం మొదలైతే పట్టు వైపే మొదలవుతుంది. శుభ్రమైన ఊలు కూడా వాటికి చాలినంత తిండి కాదు. చెమట, నూనె, అన్నం మరక, కల్లు మరక పట్టిన చోటే వాటికి బలం. మీ కోటుకు మెడపట్టీ కింద, చంకల్లో చిల్లులు పడటానికి కారణం అదే. నాటకం అంగీలకు ముఖానికి పూసుకున్న రంగూ చెమటా అంటి ఉంటాయి కాబట్టి వాటి మెడలూ చేతులూ వెంటనే తిరగేసి చూడండి. చేర్యాల పటం బట్ట నూలుదే అయినా చింతగింజల అంబలి, సుద్ద కలిపిన పూత దాని మీద ఉంటుంది. చిమ్మట దాని జోలికి రాదు గానీ, గంజిని గీకి తినే సిల్వర్‌ఫిష్ అనే పురుగుకూ బొద్దింకకూ అది మంచి భోజనం.

ఈ రోజే చేయవలసిన పని ఒకటుంది. ఆనవాళ్లున్న ప్రతి బట్టనూ విడివిడిగా, దులపకుండా, ఉన్నది ఉన్నట్టు పారదర్శకమైన మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి మూతి గట్టిగా మూసివేయండి. ఇది చికిత్స కాదు, పక్క బట్టలకు పాకకుండా ఆపడం మాత్రమే. తేమ పట్టిన బట్టను సంచిలో వారాల తరబడి ఉంచితే బూజు వస్తుంది కాబట్టి వారంలోగా తర్వాతి అడుగు వేయాలి.

తర్వాత పురుగు ఎక్కడ పుడుతున్నదో వెతకాలి. మీ గదికి పైన వెంటిలేటరు ఉందా? అందులో పావురాలు గూడు పెట్టాయా? మన ఊళ్లలో పాత భవనాల్లో తివాచీ పెంకుపురుగుకు పుట్టిల్లు దాదాపు ఎప్పుడూ పావురం గూడే. రాలిన ఈకలు, చచ్చిన పిల్ల, ఎండిన రెట్ట మధ్య అవి తరాల తరబడి బతికి, అక్కడ తిండి తగ్గగానే గదిలోకి దిగుతాయి. ట్యూబులైటు పట్టీల్లో పేరుకున్న చచ్చిన ఈగలు, బీరువా వెనక ఎండిన బల్లి, కప్పు మూలలో కందిరీగ గూడు, నేలబండల సందుల్లో చేరిన తలవెంట్రుకలు కూడా వాటికి చాలు. అసలు గూడు తీయకుండా బట్టలకు ఎంత వైద్యం చేసినా మూడు నెలల్లో పరిస్థితి మళ్లీ మొదటికే వస్తుంది.

మీరడిగిన మూడు సలహాల సంగతి. పురుగుమందు బట్టల మీద కొట్టనివ్వకండి. మందులో కలిపే ద్రావకాలు పాత అద్దకాలను కరిగించి మరకలు చేస్తాయి, జరీని నల్లబరుస్తాయి, ఆ మందు పోగుల్లోనే ఉండిపోయి తర్వాత ముట్టుకున్న ప్రతివారి చేతికీ అంటుతుంది. బట్టలన్నీ బయటికి తరలించాక గోడ వారలు, నేల సందులు, తలుపు చట్రాల పగుళ్ల వరకు పరిమితంగా కొట్టించుకోవడంలో తప్పులేదు. మిల్లులో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రల జోలికి మాత్రం దయచేసి పోవద్దు. గాలిలోని తేమకు వాటిలోంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు మనిషి ప్రాణం తీస్తుంది. అది చాలదన్నట్టు రాగినీ రాగి కలిసిన లోహాలనూ అది తినేస్తుంది. మీ అంగీల జరీలో రాగి ఉండే అవకాశం ఎక్కువ. ఎండ గురించి తర్వాత రాసేవారెవరైనా నాకంటే బాగా చెప్పవచ్చు. నా మాటగా ఒక్కటే: రంగు పోయిన బట్టకు రంగు తిరిగి రాదు, కాబట్టి మ్యూజియం వస్తువును నేరుగా ఎండలో వేయకూడదు.

కలరా ఉండలు ఎందుకు పనిచేయలేదంటే, ఆ ఆవిరి గాలి చొరబడని పెట్టెలో దట్టంగా నిండితేనే పురుగు చస్తుంది. రోజూ తలుపు తెరిచే అద్దాల బీరువాలో వాసన ఉంటుంది, బలం ఉండదు. పైగా ఆ ఆవిరి చల్లటి రోజుల్లో బట్ట మీదే మళ్లీ గడ్డకట్టి సన్నని పలుకులుగా పేరుకుంటుంది. పాత ప్లాస్టిక్ గుండీలను మెత్తబరిచి అంటుకుపోయేలా చేస్తుంది. మీ కోటు గుండీలు ఒకసారి చూడండి.

2వ జవాబు: పిల్లల వైద్యురాలు, రాజమహేంద్రవరం

నేను మ్యూజియం మనిషిని కాను. అయితే కలరా ఉండల గురించి వైద్యురాలిగా ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. జి6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పిల్లలు మన దేశంలో తక్కువేమీ కాదు, ఉన్నట్టు తల్లిదండ్రులకే తెలియదు. అలాంటి పిల్లలకు కలరా ఉండల్లోని నాఫ్తలీన్ ఒంట్లోకి పోతే ఎర్ర రక్తకణాలు చిట్లిపోయి, కామెర్లు వచ్చి, ప్రాణం మీదికి వస్తుంది. కలరా ఉండల మధ్య దాచిన పాత దుప్పట్లలో చుట్టిన పసికందులకు కూడా ఇలా జరిగిన ఉదంతాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2002లో నాఫ్తలీన్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల జాబితాలో చేర్చింది. బడిపిల్లలు వచ్చి చూసే గదిలో వీటిని తీసివేయడమే మంచిది. తీసేటప్పుడు గ్లౌజులు వేసుకుని, కిటికీలన్నీ తెరిచి, ముక్కుకు మాస్కు కట్టుకుని తీయండి. తీసినవి చెత్తకుండీలో పిల్లలకు దొరికేలా వేయకండి, చూడటానికి అవి పిప్పరమెంటు బిళ్లల్లా ఉంటాయి.

మరో సంగతి. పాత కాలంలో తోళ్లకూ ఈకలకూ పురుగు పట్టకుండా పాషాణం, పాదరసం కలిసిన మందులు పూసేవారు, తర్వాత డీడీటీ చల్లేవారు. పెద్ద ఇళ్ల నుంచి వచ్చిన వస్తువు మీద తెల్లని పొడి కనబడితే వాసన చూడకండి, ఒట్టి చేత్తో దులపకండి.

3వ జవాబు: గొంగళ్లు నేసే ఇంటి ఆడబిడ్డ, సిద్దిపేట జిల్లా

సారుకు దండాలు. మా నాయన, మా తాత గుంట మగ్గం మీద గొంగళ్లు నేసినవాళ్లు, మా అమ్మ ఉన్ని వడికేది. గొంగడికి పురుగు పట్టిందంటే మా ఇళ్లల్లో దాన్ని వాడటం మానేశారని అర్థం. గొర్రెల వెంట పోయే మనిషి గొంగడిని వానకు కొప్పెర వేసుకుంటాడు, రాత్రి కప్పుకుంటాడు, పగలు కిందేసి కూర్చుంటాడు, పొద్దున లేచి దులుపుతాడు. దానికి నిలకడే ఉండదు కాబట్టి పురుగుకు గుడ్డు పెట్టే తీరిక దొరకదు. మడతపెట్టి మూలకు పెట్టిన గొంగడికే ఈ తిప్పలన్నీ.

మా అమ్మ ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం మొదట్లోనూ వానలు వెనకపట్టాకానూ, ఇంట్లో ఉన్న గొంగళ్లన్నీ బయటికి తెచ్చి దండెం మీద వేసి, చీపురు పుల్లలతో అంచులూ కుట్లూ గీకి, తిరగేసి కొట్టేది. పురుగు ఎండకు చస్తుందని మేమనుకునేవాళ్లం. తర్వాత ఒక మ్యూజియం ఆవిడ వచ్చి, గుడ్లు రాలిపోయింది ఎక్కువగా ఆ గీకడం వల్లేనని, ఎండకు పురుగు మడతల్లోంచి బయటికి పాకి పడిపోతుందని వివరించింది. మీ దగ్గరున్న గొంగళ్లకు ఎండ వద్దని పెద్దలు అంటున్నారు కాబట్టి, నీడలో గాలి ఆడే వసారాలో దండెం మీద వెడల్పుగా పరిచి, మెత్తటి కుంచెతో అంచు కుట్లను తీరికగా గీకండి. కింద తెల్ల గుడ్డ పరిస్తే ఏం రాలిందో తెలుస్తుంది.

దయచేసి ఉతకవద్దు. నేశాక మేము గొంగడికి చింతగింజల గంజి పట్టిస్తాము, దాని బిగువూ వాన నీటిని జారవిడిచే గుణమూ ఆ గంజితోనే వస్తాయి. ఒక్కసారి సబ్బునీళ్లలో ముంచితే అది మెత్తటి కంబళి అవుతుంది గానీ గొంగడిగా మిగలదు. ఇప్పుడు నేసేవాళ్లు తగ్గిపోయారు, నల్ల దక్కనీ గొర్రె ఉన్ని దొరకడమూ తగ్గింది. ఆ తొమ్మిదింటిలో ఒక్కటి పోయినా అలాంటిది మళ్లీ నేయించడం కష్టం. నాదొక సందేహం: మేము మడతల్లో వేపాకు, వస కొమ్ము, ఎండుమిరపకాయలు పెట్టేవాళ్లం. అవి పెట్టవచ్చునా?

4వ జవాబు: 1వ జవాబు రాసినవారే

అమ్మా, మీరు ఉతకవద్దన్న కారణం నాకు కొత్త, రాసి పెట్టుకున్నాను.

వసలో పురుగును చంపే గుణం నిజంగా ఉంది. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో వస, మిరియాలు, లవంగాలు, దాల్చిన చెక్క, నల్లజీలకర్ర దంచి కర్పూరం కలిపి మూటలు కట్టి తాళపత్రాల మధ్య పెట్టే అలవాటు చాలాకాలంగా ఉంది. కాబట్టి మన పెద్దల పద్ధతిని తీసిపారేయను. అయితే మూట బట్టకు తగలకూడదు, నూనె మరక పడుతుంది. మూడు నాలుగు నెలలకోసారి మార్చాలి. వాసన పోయిన పాత మూట రక్షణ కాదు, తిండి. ఎండుమిరపకాయలనూ పొగాకునూ అసలే పెట్టవద్దు, ఎందుకంటే వాటిని తిని బతికే సిగరెట్ పెంకుపురుగు అనేది ఒకటుంది. మిరపకాయల్లో పుట్టి, పక్కనున్న పుస్తకాలకూ నాటకం అంగీల లోపలి గంజిగుడ్డకూ చిల్లులు పెడుతుంది. పచ్చి వేపాకు తేమ తెస్తుంది. ఎండిన వేపాకు పొడై మడతల్లో చెత్తగా మిగులుతుంది, ఆ చెత్తలో మళ్లీ పురుగు చేరుతుంది.

5వ జవాబు: ఇంగ్లండ్‌లో ఒక చారిత్రక భవనంలో స్వచ్ఛంద సేవకురాలు, స్వస్థలం మచిలీపట్నం

మాస్టారు గారూ, మేమిక్కడ బట్టలను గడ్డకట్టించి పురుగును చంపుతాము. మందు లేదు, మరక లేదు. మీకు దగ్గరలో ఐస్‌క్రీమ్ లేదా చేపల వ్యాపారి డీప్ ఫ్రీజరు దొరికితే మీరూ చేయగలరు. చేసే తీరు జాగ్రత్తగా రాస్తాను, ఎందుకంటే ఇందులో తొందరపడితే బట్టకు నష్టం.

బట్ట పొడిగా ఉండాలి. ఉతికిన గంజిలేని తెల్ల నూలు గుడ్డలో వదులుగా చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి, లోపలి గాలిని వీలైనంత నొక్కి తీసేసి, మూతిని టేపుతో పూర్తిగా మూసి, దానిమీద మరో సంచి తొడగాలి. ఫ్రీజరు ముందే బాగా చల్లబడి ఉండాలి. మెల్లగా చల్లబడితే కొన్ని పురుగులు చలికి అలవాటు పడి బతుకుతాయి. మైనస్ 30 డిగ్రీలు ఇచ్చే యంత్రమైతే 3 రోజులు చాలు. మైనస్ 18, మైనస్ 20 దగ్గర నిలిచే మామూలు ఫ్రీజరైతే 2 వారాలు కదపకుండా ఉంచండి. గొంగడి వంటి మందపాటి బట్ట నడిమి మడతకు చలి చేరడానికే సమయం పడుతుంది, సంచుల మధ్య గాలి ఆడేలా పెట్టాలి గానీ కుక్కకూడదు. కరెంటు పోయే ఊరైతే లోపల థర్మామీటరు పెట్టి, చలి తగ్గిన రోజులను లెక్కలోంచి తీసేయండి. బయటికి తీశాక సంచిని వెంటనే విప్పకండి. కనీసం ఒక రోజు మూసే ఉంచండి. అప్పుడు నీటి చుక్కలు సంచి బయటే పడతాయి, బట్ట మీద పడవు.

చేర్యాల పటాన్ని ఫ్రీజరులో పెట్టవద్దు, పూత పగులుతుంది. అద్దాలు, పూసలు జిగురుతో అంటించిన అంగీలనూ పెట్టవద్దు. వాటికి ప్రాణవాయువు తీసివేసే పద్ధతి ఉంది: గాలి చొరబడని ప్రత్యేకమైన పొరతో చేసిన సంచిలో, ఆహార పొట్లాల్లో వేసే ఇనుపపొడి పొట్లాల వంటివి సరిపడా వేసి మూసి, 25 డిగ్రీల వేడిలో 3 వారాలు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. వేడి దేశంలో ఇది మరింత బాగా పనిచేస్తుంది. మామూలు పాలిథిన్ దీనికి పనికిరాదు, దానిలోంచి ప్రాణవాయువు మెల్లగా లోపలికి వస్తూనే ఉంటుంది. లోపల ఒక సూచిక బిళ్ల పెడతారు, గులాబీ రంగులో ఉంటే ప్రాణవాయువు లేనట్టు, నీలమైతే సంచి ఎక్కడో కారుతున్నట్టు. అలాగే ప్రష్యన్ నీలం అనే రంగు వాడిన వస్తువు ఈ సంచిలో రంగు మారుతుంది కాబట్టి ముందు అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడ 2021లో నార్ఫోక్‌లోని బ్లిక్లింగ్ హాల్‌లో బట్టల చిమ్మట మీదికి ట్రైకోగ్రామా అనే, కంటికి ఆననంత చిన్న కందిరీగను వదిలి చూశారు. అది చిమ్మట గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. మా నాన్నగారు చెరకు పొలంలో ట్రైకోగ్రామా కార్డులు కట్టడం చిన్నప్పుడు చూసిన నాకు ఆ వార్త చదివి ఎంత సంతోషమైందో చెప్పలేను. దయచేసి వ్యవసాయ కార్డులు తెచ్చి బీరువాలో కట్టకండి. ఇక్కడ కూడా అది నిపుణుల పర్యవేక్షణలో, మిగతా జాగ్రత్తలన్నిటితో కలిపి చేసిన ప్రయత్నం.

మీకు వెంటనే కావలసింది జిగురు అట్టలు. బీరువాల కింద, తలుపు పక్కన, కిటికీ కింద గోడకు ఆనించి పెట్టి, ప్రతి అట్టకూ సంఖ్య వేసి, వారానికోసారి ఏ అట్టకు ఏ పురుగు ఎన్ని అంటాయో నోటుబుక్కులో రాయండి. మేమిక్కడ ఆడ చిమ్మట వాసన పూసిన అట్టలు కూడా వాడతాము. వాటికి మగవి మాత్రమే వస్తాయి, కాబట్టి అది లెక్క తెలుసుకోవడానికే గానీ పూర్తిగా నివారించడానికి కాదు.

6వ జవాబు: ప్రశ్న అడిగినవారు, రెండున్నర నెలల తర్వాత

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, నాలాంటి వారు మరొకరు చదువుతారేమోనని.

పావురం గూడు దొరికింది. గొంగళ్ల బీరువాకు సరిగ్గా పైన, వెంటిలేటరు చెక్కకూ గోడకూ మధ్య జానెడు లోతున ఈకలు, పుల్లలు, ఎండిన పిల్ల ఒకటి ఉన్నాయి. గరిటెతో తీసి తెల్ల కాగితం మీద పోసి భూతద్దంతో చూస్తే నూగు లార్వాలు పాకుతున్నాయి. అదంతా సంచిలో కట్టి ఊరి బయట కాల్చివేశాం. వెంటిలేటరుకు సన్నని జాలీ కొట్టించాం. నేలసందులన్నీ, గొట్టం మూతికి దోమతెర గుడ్డ కట్టిన వాక్యూమ్ క్లీనరుతో లాగి, సందులు పూడ్చాం. కలరా ఉండలు తీసేశాం. కోటు గుండీలు రెండు నిజంగానే మెత్తబడి, వేలిముద్ర పడేలా ఉన్నాయి.

ఐస్‌క్రీమ్ వ్యాపారి ఒకరు, తన పాత ఫ్రీజరును సరుకేమీ పెట్టకుండా నెలకు పైగా మాకే వదిలేశారు. 9 గొంగళ్లనూ కోటునూ రెండు విడతలుగా, ఒక్కొక్క విడత 16 రోజులు పెట్టాం. రెండు రోజులు కరెంటు పోయిందని అంత పొడిగించాం. పొరపాటు ఒకటి జరిగింది. జిగురు పనిలేని మఖమలు అంగీ ఒకటి కూడా అందులో పెట్టాను. మా కుర్రాడు ఆత్రంకొద్దీ దాని సంచిని ఫ్రీజరు నుంచి తీసిన గంటకే విప్పాడు. చూస్తుండగానే జరీ మీద మంచు బిందువులు పట్టాయి. ఫ్యాను గాలికి ఆరబెట్టాం గానీ భుజం మీద వేలెడంత మేర జరీ నల్లబడింది. ఆ మచ్చ చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఇచ్చిన కుటుంబానికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

జిగురు అట్టలు 6 పెట్టాం. మొదటి వారం కిటికీ కింది అట్టకు 11 పెంకుపురుగులు అంటాయి. పోయిన వారం ఒక్కటే. చిమ్మట మాత్రం రెండో బీరువా కింది అట్టకు ఇంకా వారానికి ఒకటో రెండో అంటుతూనే ఉంది. దీనికి కారణమేమిటి? కోటు చిల్లులను దర్జీ చేత రఫూ చేయించవచ్చునా?

7వ జవాబు: 1వ జవాబు రాసినవారే

మాస్టారు గారూ, జరీ మచ్చకు మీరు కుంగిపోవద్దు. దాన్ని రుద్ది మెరిపించడానికి మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి. చింతపండు, తోముడు పొడి పడితే జరీ తీగ మీది పూతే పోతుంది.

రెండో బీరువాలో ఏమున్నాయో మీరు రాయలేదు. నెమలి ఈకల విసనకర్ర అందులోనే ఉందా? ఈకల మొదళ్లను కట్టిన బట్టపట్టీ లోపల చూడండి. అక్కడ లేకపోతే బీరువా అడుగున పరిచిన గుడ్డను ఎత్తి చూడండి. చాలాచోట్ల వస్తువులన్నీ శుభ్రం చేసి, వాటి కింద మెత్తగా ఉంటుందని పరిచిన ఊలు గుడ్డను మరిచిపోతారు. చిమ్మట బీరువాలో పరిచిన ఆ గుడ్డలోనే హాయిగా పెరుగుతుంది. ఉంటే దాన్ని తీసేసి, ఉతికిన నూలు గుడ్డ పరచండి. విసనకర్రను ఫ్రీజరులో పెట్టవచ్చు, ఈకలకు చలితో హాని లేదు. పిడి మీద లక్క పూత ఉంటే మాత్రం ఆగి, నాకు ఫోటో పంపండి.

రఫూ చేయించవద్దు. దర్జీ కొత్త ఊలు దారంతో బిగించి కుడితే పాత పోగు కుట్టు చుట్టూ తెగుతుంది, కొత్త దారం పురుగుకు కొత్త తిండి అవుతుంది. చిల్లు వెనక కోటు రంగుకు దగ్గరైన పలుచని నూలు గుడ్డను ఆసరాగా పెట్టి, చిల్లు అంచుకు దూరంగా, సన్నని సూదితో వదులుగా నాలుగు కుట్లు వేస్తే చాలు. వేసిన రోజు, వాడిన గుడ్డ, దారం మీ రిజిస్టరులో రాయండి. హైదరాబాద్‌లోని సాలార్ జంగ్ మ్యూజియంలో సంరక్షణ ప్రయోగశాల ఉంది, లక్నోలో 1976 నుంచి జాతీయ సంరక్షణ పరిశోధనశాల ఉంది. ఫోటోలు జతచేసి ఉత్తరం రాసి, కోటును చేత పట్టుకుని వెళ్లగలిగితే కుట్టే తీరును కళ్లారా చూసి నేర్చుకోవచ్చు.

వానాకాలం వస్తోంది. గదిలో తేమ 60 శాతం దాటితే ఈ పురుగులకు అనువు, 75 దాటితే సిల్వర్‌ఫిష్ కూడా చేరుతుంది. కాబట్టి తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొని గొంగళ్ల బీరువాలో పెట్టండి. వానలున్నన్నాళ్లూ పదిహేను రోజులకోసారి ప్రతి గొంగడి మడత మార్చండి, కోటు మెడపట్టీ తిప్పి చూడండి, కిటికీ అరుగు ఊడ్చేముందు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి రాయండి. కొత్తగా ఎవరైనా బట్ట తెచ్చిస్తే, అది ఎంత శుభ్రంగా కనబడినా, నేరుగా బీరువాలో పెట్టకుండా మొదటి గదిలో సంచిలో కట్టి ఆరు వారాలు గమనించి, వీలైతే ఫ్రీజరు దాటించాకే లోపలికి తీసుకోండి. విసనకర్ర సంగతి చూసి రాయండి, ఎదురు చూస్తుంటాను.